పిల్లలకు మాటలు ఆలస్యమా? ఫోన్ తీసేస్తే సరిపోదు!

ఫోన్ చూపిస్తేనే మీ బాబు అన్నం తింటున్నాడా? రెండేళ్లు నిండినా రెండు పదాలు కలిపి మాట్లాడటం లేదా? ఎదుటి మనిషి బదులు పలుకుతుంటేనే పిల్లలకు మాటలొస్తాయి. ఆ పని ఫోన్ చేయలేదు. రెండేళ్లలోపు తెరలే వద్దని, ఐదేళ్లలోపు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సూచించింది.

అలాగని తప్పంతా ఫోన్‌దే అనుకుని ఆగిపోవద్దు. వినికిడి లోపం, ఆటిజం కూడా కారణం కావొచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ చికిత్స కష్టమవుతుంది. అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందానికి చూపించండి. అవసరమైతే డీఈఐసీ కేంద్రానికి పంపుతారు. అక్కడ వినికిడి పరీక్షలు, స్పీచ్ థెరపీ ఉచితం.

పెద్ద పిల్లలు ఫోన్ కోసం నిద్ర మానేస్తున్నా, లాక్కుంటే విపరీతంగా ప్రవర్తిస్తున్నా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ కౌన్సెలర్లు 24 గంటలూ తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.