గృహ నెట్‌వర్కులకు రౌటింగ్ ప్రోటోకాల్ ఎంపిక

స్వయంగా అమరే రౌటింగ్ ప్రోటోకాల్ అనగా, మనిషి ప్రమేయం లేకుండా రౌటర్లు తమంతట తామే పొరుగు రౌటర్లను గుర్తించి ప్యాకెట్లకు దారి నిర్ణయించుకొనే పద్ధతి. కార్యాలయంలో ఈ పని చూచుటకు ఒక నిర్వాహకుడు ఉంటాడు, ఇంట్లో ఉండడు.

నేపథ్యం

2020 మార్చి లాక్‌డౌన్‌తో హైదరాబాదు హైటెక్ సిటీ ఉద్యోగులకు ఇల్లే కార్యాలయమైనది. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి వంటి చోట్ల పని ఆగకూడదని రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు పెట్టుకొన్న ఇళ్ళున్నాయి. పడకగదికి సిగ్నల్ అందక మరొక రౌటరు కొన్నవారూ ఉన్నారు. ఇట్లు తగిలించిన రెండవ రౌటరు సాధారణంగా తన వెనుక వేరొక చిరునామాల ప్రపంచాన్ని సృష్టిస్తుంది. అందువలన హాలులోని ల్యాప్‌టాప్‌కు పడకగదిలోని ప్రింటరు కనబడదు.

ఎంపిక

ఈ సమస్య ముందే ఊహించినదే. ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ 2011లో హోమ్‌నెట్ అనే కార్యబృందాన్ని ఏర్పాటు చేసింది. ఓఎస్‌పీఎఫ్, ఐఎస్-ఐఎస్, బాబెల్ అనే ప్రోటోకాళ్ళు పరిశీలనకు వచ్చాయి. మొదటి రెండింటిలో ప్రతి రౌటరు నెట్‌వర్కు పటమంతా దగ్గర ఉంచుకొంటుంది. పెద్ద సంస్థలలో, సర్వీసు ప్రొవైడర్ల వద్ద ఇవి నిగ్గుతేలినవి. బాబెల్‌లో ప్రతి రౌటరు తనకు తెలిసిన దూరాలను మాత్రమే పొరుగువారికి చెబుతుంది. గోడ అడ్డువస్తే బలహీనపడే వైఫై లింకులను దృష్టిలో ఉంచుకొనే దీనిని రూపొందించారు.

అన్నిటికంటే చిక్కైనది రెండు కనెక్షన్ల వ్యవహారం. ఐపీవీ6లో ప్రతి ప్రొవైడరు తన చిరునామాలను తానే ఇస్తాడు. ఒకరి చిరునామాతో బయలుదేరిన ప్యాకెట్ మరొకరి తీగపై వెళితే, నకిలీదని భావించి దానిని పారవేయవచ్చు. కావున గమ్యంతో పాటు ప్యాకెట్ ఎవరి చిరునామాతో బయలుదేరినదో కూడా చూచి దారి ఎంచాలి. బాబెల్‌కు ఈ సామర్థ్యాన్ని చేర్చిన ఆర్‌ఎఫ్‌సీ 9079, హోమ్‌నెట్‌లో బాబెల్ వాడకాన్ని నిర్దేశించిన ఆర్‌ఎఫ్‌సీ 9080 రెండూ 2021లో వెలువడినవి. గదులకు చిరునామాలు పంచే పని 2016 నాటి హెచ్‌ఎన్‌సీపీది.

అమలు

ఎంపిక సరియైనదే, కాని పదేళ్ళు పట్టినది. ఈలోగా మెష్ వైఫై పెట్టెలు వచ్చి, ఇల్లంతటినీ ఒకే నెట్‌వర్కుగా కలిపి, చాలా ఇళ్ళలో రౌటింగ్ అవసరమే లేకుండా చేశాయి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వాడేవారు బాబెల్‌ను స్థాపించుకోవచ్చు. ప్రొవైడరు ఇచ్చిన పెట్టెలో వినియోగదారునికి సాధారణంగా ఆ వీలుండదు. స్థాపించుకొన్నా ఒక పరిమితి కలదు: ఒక కనెక్షను తెగినపుడు కొత్త ప్యాకెట్లు రెండవ దారి పట్టగలవు, కాని పాత చిరునామాపై నడుస్తున్న వీడియో సమావేశం తెగిపోవచ్చు.