రెండు పాస్‌పోర్టులు, 80 సెంట్లు

మొన్న జనవరి 26న మా చీడికాడ స్కూల్లో ఇంకా జెండా ఎగరెయ్యనే లేదు, మా అన్నయ్య మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా పౌరుడైపోయాడు. అక్కడ అదే రోజు ఆస్ట్రేలియా డే. ప్రమాణం చేయించి చేతిలో ఒక మొక్క పెట్టారట. ఫ్యామిలీ గ్రూప్‌లో ఫొటో రాగానే అమ్మ హార్ట్ ఎమోజీలు కొట్టింది. సంక్రాంతికొచ్చి వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్న నన్ను నాన్న ఒకటే అడిగాడు.

"పాతది కూడా ఉంచుకోమనరా. రెండుంటే ఏటవుద్ది?"

కుదరదు నాన్నా. ఆస్ట్రేలియాకి అభ్యంతరం లేదు, 2002 నుంచి వాళ్లు రెండో పౌరసత్వాన్ని ఒప్పుకుంటున్నారు. ఒప్పుకోనిది మనమే. 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం, ఇష్టపడి ఇంకో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణమే ఇక్కడిది పోతుంది. ఎవరూ రద్దు చెయ్యక్కర్లేదు. చేతిలో ఉన్న పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ఓసీఐ కార్డుకి అప్లై చేసుకోవాలి.

ఈ ఓసీఐ పేరు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. ఓవర్సీస్ సిటిజన్ అని ఉంటుంది గానీ సిటిజన్ కాదు. 2006 జనవరిలో మన హైదరాబాద్‌లోనే ప్రవాసీ భారతీయ దివస్‌లో మొదలుపెట్టారు. జీవితాంతం వీసా లేకుండా రావచ్చు, ఉండొచ్చు. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడ్డం లేదు. తమాషా అనుకోకండి, వేములవాడలో నాలుగుసార్లు గెలిచిన చెన్నమనేని రమేష్ జర్మనీ పౌరసత్వం కేసు ఏళ్ల తరబడి నడిచింది. 2024 డిసెంబర్‌లో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చి, 30 లక్షలు కట్టమంది.

అన్నయ్యకి ఎమ్మెల్యే అవ్వాలని లేదు. అన్నయ్యకి కావాల్సింది 80 సెంట్లు.

అన్నయ్య ఎమ్మెస్ ఫీజు కోసం నాన్న అమ్మేసిన పొలం అది. కోనం నీళ్లు పారే చేను, గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలిన చేను. ఎయిర్‌పోర్ట్‌లో అన్నయ్య, "అది మళ్లీ నేనే కొంటా నాన్నా" అన్నాడు. పదేళ్లు దాటింది. ఇప్పుడు కొన్నాయన అమ్ముతానంటున్నాడు, ముందు మమ్మల్నే అడిగాడు. డబ్బు రెడీ. పేరే సమస్య.

ఓసీఐ ఉన్నవాళ్లు ఇక్కడ ఫ్లాట్ కొనొచ్చు, ఇళ్ల స్థలం కొనొచ్చు. సాగు భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. "ముందే కొనేసుంటే బాగుండేది" అని అన్నయ్య బాధపడ్డాడు. నేను రాత్రంతా ఫెమా రూల్స్ చదివితే తేలిందేంటంటే, ఇండియన్ పాస్‌పోర్టుతో అక్కడ స్థిరపడి ఉన్నా కుదిరేది కాదు. ఎన్నారైకీ అదే రూలు. తిరిగొచ్చి ఇక్కడ కాపురం పెట్టాక కొంటే వేరే సంగతి. ఇది చాలామందికి తెలీదు. నాకూ తెలీదు.

"అయితే నీ పేరు మీద పెట్టు, నాది నాకే ఉంటుంది కదా" అన్నాడు అన్నయ్య, చాలా తేలిగ్గా.

డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది, లోపల ఒప్పందం మూడోది. దీన్నే కదా బినామీ అంటారు! 2016లో ఆ చట్టాన్ని బాగా బిగించారు. భార్యాపిల్లల పేరు మీద కొంటే మినహాయింపు ఉంది. తమ్ముడి విషయంలో అయితే దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉండాలి. అన్నయ్య పేరు రాయడానికే కదా వీల్లేనిది! పోనీ నాకు నిజంగా గిఫ్ట్‌గా ఇస్తే పొలం నిజంగా నాదే. రేపు నా పెళ్లయ్యాక, నా పిల్లలది. ఇది వీడియో కాల్‌లో చెప్తుంటే నా గొంతు నాకే అదోలా వినిపించింది. అన్నయ్య "నీ మీద నమ్మకం లేకా?" అన్నాడు. నమ్మకం సంగతి కాదు అన్నాను. కొంచెం నమ్మకం సంగతి కూడా.

మిగిలింది ఒకటే దారి. అన్నయ్య నాన్నకి డబ్బు గిఫ్ట్‌గా పంపాలి, నాన్న కొనాలి, పట్టాదారు పాసుపుస్తకం నాన్న పేరు మీద. సాగు భూమిని ఓసీఐకి కొడుక్కైనా గిఫ్ట్ ఇవ్వకూడదు గానీ, వారసత్వంగా రావచ్చు. వీలునామా రాస్తే సరిపోతుంది.

నాన్న ఇదంతా విని, ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నాడు.

"అంటే ఏట్రా, నేను పోయాకే అది నీకొస్తాదన్నమాట."

అన్నయ్య ఏమీ అనలేదు. నెట్ పోయిందేమో అనుకుని స్క్రీన్ చూశాను, పోలేదు. వెనకాల కిటికీలో ఆ మొక్క కుండీ కనిపిస్తోంది.

కాసేపటికి అడిగాడు, "నాన్నా, ఆ చేలో బోరు ఇంకా పనిచేస్తోందా?"

"మోటారు మార్చాల" అన్నాడు నాన్న.