గూడ్సుబండి ఛందస్సు

లెక్కలంటే నాకు చిన్నప్పటినుంచీ పులిని చూసినంత భయం. ఎమ్మేలో తెలుగు తీసుకోవడానికి సాహిత్యం మీద మక్కువ ఎంత కారణమో, అక్కడ లెక్కలుండవన్న ధీమా కూడా అంతే కారణం. ఇదేదో ఘనకార్యమైనట్టు ఇన్నేళ్ళుగా ఇంట్లో చెప్పుకుని నవ్వుతున్నాను. వినే చెవి ఒకటి పక్కనే పెరుగుతోందని మాత్రం గమనించలేదు.

మా అమ్మాయి పదో తరగతి. దానికి లెక్కలంటే ప్రాణం. మొన్నొక రాత్రి నోటుపుస్తకం నిండా అంకెలు వేసుకుంటూ తనలో తను నవ్వుకుంటూంటే, "ఏందమ్మా అది?" అని అడిగాను.

"నీకు చెప్పినా అర్థం గాదు తియ్యి, బాపూ" అంది.

జాలిగా అంది. కోపంగా అన్నా ఇంత బాధ ఉండకపోను.

ఆదివారంనాడు మా చెల్లెల్ని బండెక్కించడానికి బసంత్‌నగర్ నుంచి రామగుండం స్టేషనుకు వెళ్ళాం. ఆ బండి ఆలస్యం. ఈలోగా బొగ్గు గూడ్సు ఒకటి తాపీగా వచ్చింది. బొగ్గుబావుల చుట్టుపక్కల పిల్లలకు గూడ్సు పెట్టెలు లెక్కపెట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. మా అమ్మాయీ లెక్కపెడుతోంది. అయితే కొన్ని పెట్టెల దగ్గర మాత్రమే తల ఊపుతోంది: 2, 3, 5, 7, 11, 13...

అవి ప్రధాన సంఖ్యలట. తనతోనూ ఒకటితోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనివి. 1ని ఆ పంక్తిలో కూర్చోబెట్టరు.

పాఠం చెప్పే నోరు ఊరుకోదు కదా! తల ఊపినచోట గురువు, ఊపనిచోట లఘువు అనుకుని, మూడేసి చొప్పున గణవిభజన మొదలుపెట్టాను. 1, 2, 3: లఘువు, గురువు, గురువు, య గణం. 4, 5, 6: జ గణం. 7, 8, 9: భ గణం. ఆ గూడ్సుకు 59 పెట్టెలు, చివర గార్డు పెట్టెతో 60. సరిగ్గా ఇరవై గణాలు, ఒక్క అక్షరం మిగలకుండా! చంటిపిల్లాడిలా కేకవేశాను.

చేతిలో ఉన్న పత్రిక అంచున రాసి చూపించాను: య జ భ జ భ జ భ జ న జ భ న భ జ భ జ న జ న జ.

"యమాతారాజభానస అని ఎనిమిది గణాలుండగా, మొదటి య తర్వాత మూడే వస్తున్నాయేమమ్మా?" అన్నాను.

అది కాసేపు చూసి, పెన్సిలు లాక్కుంది. "ప్రతి గణంల మూడో అంకె 6, 9, 12... మూడో ఎక్కం. అక్కడ గురువు రాదు. మొదటి రెండిట్ల ఒకటి సరిసంఖ్య, అదీ పాయె. ఇగ మిగిలేది ఒక్క గురువే. అది మొదట ఉంటే భ, నడుమ ఉంటే జ, లేకుంటే న."

"అయితే చంపకమాల దొరుకుతుందా? న జ భ జ జ జ ర కావాలి."

"దొరకదు బాపూ. గణం మొదలు ఒకసారి సరి, ఒకసారి బేసి. జ పక్కన ఇంకో జ ఎప్పటికీ రాదు."

లక్షలు, కోట్లు దాటినా రాదన్నమాట! పద్యానికి నియమాలు పెట్టింది మనుషులు. ఈ నియమం ఎవరు పెట్టారు?

జ వెంటనే భ వస్తే, ఆ రెండు గురువులకూ ఎడం రెండే. 5, 7, 11, 13, 17, 19. వీటిని కవల ప్రధాన సంఖ్యలంటారని అదే చెప్పింది. జ గణాలూ తరగవు, భ గణాలూ తరగవని 1837లోనే జర్మనీలో డిరిచ్లే నిరూపించాడు. కాని ఆ రెండూ జంటగా చివరంటా వస్తూనే ఉంటాయా అన్నది నేటికీ ఎవరూ తేల్చలేదు. 2013లో అమెరికాలో న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో లెక్చరరుగా ఉన్న యిటాంగ్ ఝాంగ్, ఏడు కోట్లలోపు ఎడంతో ప్రధాన సంఖ్యల జంటలు అంతులేకుండా ఉన్నాయని రుజువుచేశాడు. మరుసటి ఏటికల్లా పదిమందీ చెయ్యివేసి ఆ ఎడాన్ని 246కు దించారు. రెండుకు దించడం మాత్రం ఇంకా ఎవరివల్లా కాలేదు. లెక్చరరన్న మాట వినగానే నాకు కొంచెం గర్వం కలిగిందని ఒప్పుకుంటున్నాను.

ఆ రాత్రి అమ్మాయి తన నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "100 నుంచి 150 దాకా నువ్వు విడగొట్టు, బాపూ."

"ఏందండీ, తండ్రీబిడ్డలు జ, భ, న అని జపం జేస్తున్నరు?" అని మా ఆవిడ వంటింట్లోంచి కేక.

నేను 115 దగ్గర తడబడ్డాను. వరసగా నాలుగు న గణాలు వస్తున్నాయి. 119 గురువేమోనని అనుమానం. 17ను 7తో హెచ్చించి చూశాను, కాదు. 126 దాకా ఒక్క గురువూ లేదు. తప్పుచేశాననుకుని భయపడుతూనే పుస్తకం అందించాను.

అమ్మాయి వేలితో ఒక్కొక్క అంకె మీదుగా పోయి, ఎర్ర పెన్ను తీసి, పేజీ చివర పెద్ద టిక్కు పెట్టింది.

లెక్కల్లో నాకు టిక్కు పడి ముప్ఫై ఏళ్ళయింది.