సరుకు అన్న పేరు

1861 మే 23 రాత్రి వర్జీనియాలో ముగ్గురు బానిసలు చిన్న పడవలో నీళ్లు దాటి మన్రో కోటకు చేరారు. ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మలరీ, జేమ్స్ టౌన్‌సెండ్ వారి పేర్లు. దక్షిణాది తిరుగుబాటు సైన్యం వారిచేత ఫిరంగి దిబ్బలు కట్టిస్తోంది. మరునాడే యజమాని తరఫున ఒక అధికారి తెల్లజెండాతో వచ్చి, పారిపోయిన బానిసల చట్టం ప్రకారం వారిని అప్పగించమన్నాడు. కోట సేనాని బెంజమిన్ బట్లర్ వృత్తిరీత్యా న్యాయవాది. వర్జీనియా తనను తాను వేరే దేశమనుకున్నాక అమెరికా చట్టం దానికెలా అక్కరకొస్తుందని అడిగాడు. శత్రువు యుద్ధానికి వాడే ఆస్తిని జప్తు చేయవచ్చునంటూ ఆ ముగ్గురినీ తన వద్దే ఉంచుకున్నాడు. అలా వారికి వచ్చిన పేరు ‘కాంట్రాబ్యాండ్’. నిషిద్ధ సరుకు అని దానర్థం.

అది తెలివైన ఎత్తు. ‘నా ఆస్తి’ అన్న యజమాని మాటనే పట్టుకుని ఆస్తిని లాక్కోవడం. వార్త పొక్కిన కొద్ది రోజుల్లోనే వందలమంది ఆ కోట దారి పట్టారు. సైనికుల నోట, పత్రికల్లో, దాతృత్వ సంఘాల విజ్ఞప్తుల్లో ఆ మాటే స్థిరపడింది. అయితే మాట లోపల మనిషి సరుకుగానే మిగిలాడు. పైగా, ఫిరంగి దిబ్బలు కట్టని స్త్రీలు, పిల్లలు ఏ సరుకు కిందికి వస్తారు? వీరు బానిసలా, స్వతంత్రులా అని జూలైలో బట్లరే యుద్ధమంత్రికి రాసి అడగవలసి వచ్చింది. ఆ పేరును ఫ్రెడరిక్ డగ్లస్ ఆక్షేపించారు.

నిజానికి ఆ దేశపు మాటల కపటం యుద్ధంకన్నా పాతది. అమెరికా తొలి రాజ్యాంగంలో ‘బానిస’ అన్న పదమే లేదు. సేవకో శ్రమకో కట్టుబడిన వ్యక్తి అంటూ చుట్టుతిప్పి చెప్పారు. దక్షిణాది యజమానులకు ‘సేవకులు’ అనడం ఇష్టం. వెట్టిని సేవ అన్న నోళ్లు మనకూ కొత్త కాదు. ఆ బానిసత్వ నిర్మూలనలో తన పోరాటానికి బంధుత్వం చూసిన జోతిరావు పూలే 1873లో ‘గులాంగిరి’ని అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ నాయకత్వాన ‘పంచమ’ పోయి ‘ఆది ఆంధ్ర’ నిలవడం వెనుకా ఇదే ఎరుక ఉంది: ఎవరో పెట్టిన పేరులో వారి లెక్కలే ఉంటాయి.

లెక్కలు జీతం దగ్గర బయటపడ్డాయి. 1863 నుంచి నల్లవారు పెద్దయెత్తున సైన్యంలో చేరారు. యుద్ధం ముగిసేసరికి వారి సంఖ్య సుమారు 1,80,000. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. నల్ల సిపాయికి 10, అందులో బట్టలకని 3 కోత. ఆ పది డాలర్లు కూలీలకని రాసిన చట్టంలోనివి. తుపాకీ పట్టినా కాగితం మీద అతడు కూలీయే. మసాచుసెట్స్ 54వ పటాలం ఆ జీతాన్ని తీసుకోలేదు. తేడా సొమ్ము మేమిస్తామని సొంత రాష్ట్రం ముందుకొచ్చినా తీసుకోలేదు. ఇళ్ల దగ్గర పెళ్లాంబిడ్డలు పస్తులున్నా తీసుకోలేదు.

1864 జూన్‌లో కాంగ్రెస్ దిగివచ్చింది కానీ మెలిక పెట్టింది: 1861 ఏప్రిల్ 19 నాటికి స్వతంత్రులైనవారికే చేరిన నాటి నుంచి సమాన జీతం. పటాలంలో నిన్నమొన్నటి బానిసలూ ఉన్నారు. అప్పుడు కర్నల్ ఎడ్వర్డ్ హాలోవెల్ ప్రమాణపత్రాన్ని వేరే మాటలతో రాయించాడు. ఆ తేదీన ప్రతిఫలం లేని శ్రమను తమ నుంచి కోరే హక్కు ఏ మనిషికీ లేదని సిపాయిలు ప్రమాణం చేయాలి. యజమాని ఉన్నవారూ లేనివారూ చేయెత్తి ప్రమాణం చేశారు. ఆ శరత్కాలంలో జీతాలు వచ్చాయి.