వాన లెక్క ఒకరి దగ్గర, జ్వరం లెక్క మరొకరి దగ్గర

పెద్దదోర్నాల దాటి శ్రీశైలం దారి పట్టగానే నల్లమల మొదలవుతుంది. రాత్రి 9 గంటలకు అటవీశాఖ గేట్లు పడతాయి. మళ్లీ ఉదయం 6 గంటలకు గాని లేవవు. వన్యమృగాల క్షేమానికి ఆ కట్టుబాటు అవసరమే, కాదనలేము. కాని ఆ గేట్లకు ఆవల చింతల, తుమ్మలబయలు వంటి చెంచు గూడేలున్నాయి. ఎర్రగొండపాలెం వైపు అడవి లోపల పాలుట్ల ఉన్నది. దీవి చుట్టూ నీరుంటే ఈ గూడేల చుట్టూ అడవి ఉన్నది. అంతే తేడా. దీవిలో మనిషికి జబ్బు చేస్తే పడవ రావాలి, గూడెంలో మనిషికి చేస్తే బండి రావాలి. రెండు చోట్లా రోగం ఆగదు, సాయం మాత్రం ఆలస్యమవుతుంది.

అడవి దిగువన ఉన్న మన మెట్ట గ్రామాలూ ఒక విధంగా దీవులే, కాకపోతే నీళ్లు లేని దీవులు. ఇటువంటి ఊళ్లలో రోగం వాతావరణాన్ని వెన్నంటి వస్తుంది. అయినా వానను కొలిచేవారు వేరు, నీటిని పరీక్షించేవారు వేరు, రోగిని చూసేవారు వేరు. వీరంతా నెలకు ఒక్కసారైనా ఒక చోట కూర్చుని లెక్కలు కలిపి చూసుకోవాలి. ఈ నాలుగు మాటల ఉద్దేశం అదే.

ముందుగా మలేరియా సంగతి చూద్దాం. వానలు వెనుకపట్టిన తరువాత వాగులు సన్నగిల్లి అక్కడక్కడ మడుగులు కడతాయి. మలేరియా దోమ పుట్టేది అటువంటి నిలకడ నీటిలోనే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు, రోగి రక్తం పీల్చిన దోమలో మలేరియా క్రిమి ముదరడానికి ఇంచుమించు మరో పది రోజులు, ఆ దోమ కుట్టిన మనిషికి జ్వరం రావడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. అనగా వానకూ జ్వరానికీ మధ్య కొన్ని వారాల గడువున్నది. దోమతెరలు, మందు పిచికారి, రక్తపరీక్ష సామగ్రి గూడెం చేరవలసింది ఆ గడువులోనే. జ్వరాలు పుట్టాయన్న కబురు కొండ దిగి వచ్చిన తరువాత బయలుదేరితే, ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

వానలుంటేనే రోగాలనుకుంటే పొరపాటు. కరువుకూ తన రోగాలున్నాయి. కుళాయి రాని ఊళ్లో ట్యాంకరు నీటిని డ్రమ్ముల్లో, తొట్లలో, కుండల్లో రోజుల తరబడి నిలవ పెట్టుకుంటాము. డెంగీ దోమకు కావలసింది అటువంటి తేట నీరే. వారానికోసారి, శుక్రవారం నాడు, పాత్రలన్నీ వంచి తోమి ఆరబెట్టమని ఆరోగ్య సిబ్బంది చెప్పడంలో అర్థం ఇదే. కాని ట్యాంకరు ఏ రోజు వస్తుందో తెలియని ఇల్లాలు ఉన్న నీళ్లు పారబోసుకుంటుందా? ట్యాంకరు రోజూ, డ్రమ్ము కడిగే రోజూ కలిపి నిర్ణయిస్తేనే ఆ మాట చెల్లుతుంది. నీటి శాఖ, ఆరోగ్య శాఖ మాట్లాడుకోవలసిన అవసరం ఇక్కడే తెలుస్తున్నది.

ఇక ఫ్లోరైడు. ఈ పీడ మనకు కొత్తది కాదు. పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే ఎద్దులు నడవలేక కూలబడడం రైతులు గమనించారు. 1937లో వైద్యులు ఈ ప్రాంతంలో పరీక్షలు జరిపి, నీటిలోని ఫ్లోరైడు ఎముకలను పట్టుకుంటున్నదని దేశంలోనే మొదటిసారిగా ప్రకటించారు. వాన తప్పిన కొద్దీ బోరు లోతుకు పోతుంది. రాతి పొరల్లో ఎక్కువ కాలం నిలిచిన నీటిలో సాధారణంగా ఫ్లోరైడు హెచ్చుగా ఉంటుంది. కనుక నిరుడు మంచిదని తేల్చిన బోరు ఈ ఏడు కూడా మంచిదే అనుకోవడానికి వీలులేదు.

దీనికి ఎండ తోడైతే ఏమవుతుందో చూడండి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని కట్టడి ఉన్నది. ఆ హద్దులో ఉన్న నీటిని నీడపట్టున ఉండే మనిషి రోజుకు 2 లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది 3 మిల్లీగ్రాములు. ఎండలో పనిచేసే కూలీ 6 లీటర్లు తాగితే 9 మిల్లీగ్రాములు. కాగితం మీద ఇద్దరూ తాగినది ఒకే నీరు, దేహం మీద మాత్రం భారం మూడింతలు. పోనీ నీళ్లు తగ్గించుకుందామా అంటే వడదెబ్బ కాచుకుని ఉంటుంది. కాచినందువల్ల ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. కాబట్టి శుద్ధి చేసిన నీరు ఇంటికి వస్తే చాలదు, పొలం గట్టుకూ, పని జరిగే చోటికీ రావాలి.

ఇన్ని చిక్కులకు మూలం ఒకటే అయినా పుస్తకాలు మాత్రం అనేకం. వాన లెక్క ఒక కార్యాలయంలో, భూగర్భ జలమట్టం మరొక శాఖలో, నీటి పరీక్షలు గ్రామీణ నీటి సరఫరా విభాగంలో, జ్వరాల లెక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంటున్నాయి. గూడేల బాగోగులు శ్రీశైలంలోని గిరిజనాభివృద్ధి సంస్థవి, దారి అటవీశాఖది. ఎవరి పని వారు చేయడం లేదని నింద వేయడం మా ఉద్దేశం కాదు. ఎవరి పని వారే చేయడం వల్ల మధ్యలో మనిషి జారిపోతున్నాడన్నదే మా బాధ.

నిజమైన దీవులవారు ఈ పాఠం ముందే నేర్చుకున్నారు. పసిఫిక్ సముద్రంలో ఫిజీ అని మూడు వందలకు పైగా దీవులున్న దేశం ఉన్నది. ఆ దేశం మనకు మరీ పరాయిది కాదు. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవున ఓడలెక్కి అక్కడి చెరకు తోటలకు కూలికి పోయినవారిలో తెలుగువారెందరో ఉన్నారు. వారి సంతతి నేటికీ అక్కడే ఉన్నది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో ఆ దేశపు ఆరోగ్య శాఖ ఒక పని చేపట్టింది. డెంగీ, టైఫాయిడు, ఎలుక జ్వరం, అతిసారం అనే నాలుగు రోగాల లెక్కలను వాన, ఎండ, వరదల లెక్కల పక్కన పెట్టి చూడడమే ఆ పని. అది ఎంత అవసరమో 2012లో తెలిసివచ్చింది. ఆ ఏడు వరదలు వచ్చిన వెనుకనే ఎలుక జ్వరం ప్రబలి ప్రాణాలు తీసింది. తరువాత 2017లో, ఫిజీ అధ్యక్షతన జర్మనీలోని బాన్ నగరంలో జరిగిన వాతావరణ మహాసభలో, చిన్న దీవుల దేశాల ఆరోగ్యం కోసమే ఒక ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

అంత దూరం పోనక్కరలేదు. మన రైతులే ఒకప్పుడు ఇటువంటి పనిలో సగం చేసి చూపించారు. 2003 నుంచి 2009 వరకు ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ప్రకాశం సహా 7 కరువు జిల్లాలలో రైతుల భూగర్భ జల పథకం నడిచింది. పెద్ద చదువులు లేని రైతులు, వారిలో స్త్రీలు కూడా, వర్షమాపకం చూసి వాన కొలిచారు, బావులలో నీటిమట్టం కొలిచారు, ఊరి నీటి జమాఖర్చు వేసుకుని ఏ పైరు పెట్టాలో తేల్చుకున్నారు. ఆ లెక్కలు ఊరి గోడల మీద అందరికీ కనపడేలా రాసిపెట్టారు. అదే గోడ మీద జ్వరాలకు ఒక గడి, ఫ్లోరైడుకు ఒక గడి చేర్చడం అసాధ్యమా?

కాగా, కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2019లో వాతావరణ మార్పు, మానవ ఆరోగ్యంపై ఒక జాతీయ కార్యక్రమం ఆరంభించింది. ఆ ఆలోచన జిల్లా కేంద్రంలో ఆగిపోకుండా మండలానికి దిగి రావాలి. అందుకు కొత్త భవనాలు, కొత్త కొలువులు అక్కరలేదు. ఈ కింది పనులు చేస్తే చాలు.

మొదటిది, ప్రతి నెలా ఒక నిర్ణీత దినాన పెద్దదోర్నాలలో నీటి సరఫరా, వ్యవసాయ, ఆరోగ్య, గిరిజన సంక్షేమ, అటవీ సిబ్బంది కలిసి కూర్చోవాలి. పడిన వాన, బోర్ల మట్టం, నీటి పరీక్ష, జ్వరాల సంఖ్య ఒకే కాగితం మీదికి రావాలి.

రెండవది, ఏ గుర్తు కనపడితే ఎవరు కదలాలో ముందే రాసిపెట్టుకోవాలి. వాగులు నిలిచిన వారంలో గూడేలకు దోమల మందు వెళ్లాలి. బోరు మట్టం పడిపోగానే ఆ నీటికి మళ్లీ పరీక్ష జరగాలి. ఎండలు ముదరగానే ఉపాధి పనులు తెల్లవారుజామునకు మారాలి, పని చోట మంచినీరు, ఉప్పు పంచదార ద్రావణం పొట్లాలు ఉండాలి.

మూడవది, వానాకాలం రాకముందే గూడేలకు కావలసిన మందులు చేర్చి, రాత్రివేళ రోగి వస్తే గేటు తీయవలసిన బాధ్యత ఎవరిదో, ఎవరికి ఫోను చేయాలో గూడెంలో ప్రతి ఇంటికీ తెలిసేలా చేయాలి.

నాలుగవది, ఆ సమావేశంలో గూడెం మనిషికి కుర్చీ వేయాలి. ఏ వాగు మడుగు కట్టిందో, ఏ బాట తెగిందో ముందు తెలిసేది వారికే. వేలిముద్ర కోసం పిలవడం కాదు, మాట వినడానికి పిలవాలి.

వెలిగొండ వస్తే ఇవన్నీ తీరుతాయి గదా అని కొందరనవచ్చు. పూల సుబ్బయ్య పేరిట తలపెట్టిన ఆ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. 43.5 టీఎంసీల కృష్ణ నీరు, 15.25 లక్షల మందికి తాగునీరు అన్నది లక్ష్యం. మన మండలంలో తేలే ఆ సొరంగాలు రెండింటినీ 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు గాని, నిర్వాసితుల పునరావాసం, మరికొన్ని పనులు అప్పటికి మిగిలే ఉన్నాయి. వెలిగొండ నీరు కావలసిందే, అందుకు పోరాడవలసిందే. కాని 1996లో పుట్టిన పసివాడికి ఈనాడు పసివాళ్లున్నారు. పళ్లమీద పడే గార కాలువల కోసం ఆగదు. పైగా నీరు వచ్చిన తరువాత కూడా దోమ ఉంటుంది, ఎండ ఉంటుంది, అడవి గేటూ ఉంటుంది.

వాన మన చేతిలో లేదు. ఎండ మన చేతిలో లేదు. రెండు పుస్తకాలు తెచ్చి ఒక బల్ల మీద పెట్టడం మాత్రం మన చేతిలోనే ఉన్నది. సర్పంచులు, మండల అధికారులు రానున్న వానలకు ముందే ఆ బల్ల వేయాలని, గ్రామస్థులు వేయించాలని మనవి.