బేసిక్ అకౌంట్ అని పేరు పెట్టి అడుగుదాం

అన్నలూ తమ్ముళ్లూ, లండన్ సైట్లలో మనోళ్లు కొందరి జీతం ఇంకా పక్కోడి అకౌంట్లోనే పడుతోంది. రేపు వాడితో మాట తేడా వస్తే ఎవరికి చెప్పుకుంటాం?

పాత ఫోన్ బిల్లు, కార్డు బాకీల వల్ల క్రెడిట్ పోయింది, ఇంక బ్యాంకు రానివ్వదని మనమే అనేసుకుంటున్నాం. ఇక్కడ 2015 నాటి చట్టం ఉంది. పెద్ద బ్యాంకులు బేసిక్ అకౌంట్ ఇవ్వాలి, క్రెడిట్ బాలేదని కాదనకూడదు. ఓవర్‌డ్రాఫ్ట్ ఉండదు, నెల ఫీజూ లేదు, డెబిట్ కార్డు వస్తుంది. పాస్‌పోర్టు, వీసా, అడ్రసు మాత్రం చూస్తారు. కౌంటర్లో వాళ్లంతట వాళ్లు ఈ పేరు ఎత్తరు (అదేం మొహమాటమో!), మనమే అడగాలి.

బాకీ ఉన్న బ్యాంకుకి మాత్రం పోవద్దు, జీతం పడగానే బాకీ కింద పట్టేసుకోవచ్చు. వేరే ఏ బ్యాంకన్నా కుదరదంటే కారణం కాగితం మీద రాసిమ్మందాం.