రోమను చిల్లర నాణెముల సాక్ష్యము

రోమను చక్రవర్తుల పేర్లు, యుద్ధములు చరిత్ర పాఠములలో చాలినంతగా వచ్చును. వారి చిల్లర నాణెముల ప్రసక్తి అరుదు. వార్తాపత్రికలు లేని ఆ కాలమున ప్రభుత్వపు మాటను అంగడివీధికి మోసుకొనిపోయినది ఆ చిల్లరయే.

మన తెలుగునేలలో దొరకిన రోమను నాణెములు హెచ్చుగా బంగారువి, వెండివి. వర్తకులు లోహపు విలువకై తెచ్చిన వవి. కంచు నాణెము స్వదేశపు బజారుది. కంచు అనుట వాడుకయే గాని, వానిలో పెద్దదైన సెస్టర్షియసును తొలి చక్రవర్తులు ఇత్తడితో ముద్రింపించిరి. నాలుగు సెస్టర్షియసులు ఒక వెండి దెనారియసునకు సమానము. బిళ్ల వెడల్పైనది గనుక బొమ్మకు చోటెక్కువ.

క్రీ. శ. 65 ప్రాంతమున నీరో ముద్రింపించిన కొన్ని నాణెములపై జానస్ దేవుని గుడి కలదు. యుద్ధకాలమున ఆ గుడి తలుపులు తెరచి యుంచుట, శాంతికాలమున మూయుట రోమను ఆచారము. నాణెముపై తలుపులు మూసియున్నవి. నేలపైనను నీటిపైనను శాంతిని సాధించి చక్రవర్తి వానిని మూసినాడని చుట్టును వ్రాత. 66లో యూదయ దేశము తిరుగబడెను. శాంతి నాణెములు ప్రజల మూటలలో నుండగనే సైన్యములు కదలినవి.

ఆ తిరుగుబాటు నణచుటకు నీరో పంపిన సేనాని వెస్పేసియను 69లో తానే చక్రవర్తి యయ్యెను. 70లో ఆయన కుమారుడు టైటసు జెరూసలేమును పట్టుకొనెను. అచ్చటి దేవాలయము కాలిపోయెను. 71లో వెలువడిన సెస్టర్షియసులపై నడుమ ఖర్జూర వృక్షము, దానిక్రింద తలవంచి కూర్చున్న స్త్రీ, యూదయ చెరబడినదను అక్షరములు. ఆ స్త్రీయే యూదయ. చెక్కినవాడు చూపదలచినది విజయమును. మన చూపు మాత్రము ఆమెవద్దనే ఆగును.

ఈ బొమ్మను చూపి ఉపాధ్యాయుడు అడుగవలసిన దొక్కటే: ఇది ఎవరి మాట? ఊరక అడిగిన చాలదు. ప్రక్కన మరియొక నాణెమును పెట్టవలెను. 132లో బార్ కోఖ్బా నాయకత్వమున యూదులు మరల తిరుగబడిరి. చెలామణిలోనున్న నాణెములనే తీసికొని, వానిపై తమ ముద్ర నొత్తిరి. కొన్ని కంచు బిళ్లలపై ముందుగా పాత బొమ్మను ఆకురాయితో అరగదీసిరి. క్రొత్త ముద్రలలో ఒకటి మరల ఖర్జూర వృక్షమే. ఈమారు దానిక్రింద విలపించు స్త్రీ లేదు. కొమ్మలనుండి పండ్ల గెలలు వ్రేలాడుచున్నవి.

135లో ఆ తిరుగుబాటును రోమను సైన్యము అణచివేసెను. ఆ నాణెములు కొన్ని నిలిచియున్నవి. పరకించి చూచినచో, చెట్టుక్రింద పాత ముద్ర ఛాయలు అక్కడక్కడ ఇంకను కనబడును.